హెచ్‌డీ టీవీలో ఆట బొమ్మ తేటగా రావాలంటే



పండక్కో పెళ్ళికో ఇంటికి కొత్త టీవీ వస్తుంది. పాత డబ్బా టీవీని మూలకు నెట్టి, 32 అంగుళాల పల్చటి టీవీని గోడకు బిగిస్తారు. సినిమా పెడితే బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది. ఇంటిల్లిపాదీ సంతోషపడతారు. ఆ సాయంత్రమే పిల్లలు తమ పాత వీడియో గేమ్ పెట్టెను దానికి తగిలిస్తారు. చిక్కు అక్కడ మొదలవుతుంది. అక్షరాల అంచులు పాకుతున్నట్టుంటాయి. మనుషులు అడ్డంగా సాగి లావుగా కనబడతారు. ఎర్ర చొక్కా రంగు గీత దాటి పక్కకు కారుతుంది. "పాత టీవీలనే మంచిగుండె గదా నాయినా" అంటాడు పిల్లాడు. "ఇన్ని పైసలు పెట్టి తెస్తే గిట్లెందుకైంది" అని తండ్రి టీవీ వంక కోపంగా చూస్తాడు. మా విరూర్‌లో ఈ మాటలు చాలా ఇళ్ళల్లో విన్నాను.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఆ టీవీ చెడిపోలేదు. ఆట పెట్టెలో పుట్టిన బొమ్మ టీవీ తెర దాకా వచ్చే దారిలో పాడవుతోంది. తీగలో కొంత, టీవీ సెట్టింగుల్లో కొంత, మనం కూర్చునే గదిలో కొంత పాడవుతోంది. ఆ దారిని బాగు చేసుకుంటే ఇదే టీవీలో, ఇదే ఆట, చూడముచ్చటగా కనబడుతుంది. అందుకు అయ్యే ఖర్చు కొద్ది వందల రూపాయలు. చాలా ఇళ్ళల్లో అదీ అక్కర్లేదు. రిమోటూ, ఒక అరగంట ఓపికా ఉంటే చాలు. వీలైతే ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. రాసుకోదగ్గ మాటలు కొన్ని వస్తాయి.

మా ఊరు తెలియనివారికి ఒక్క మాట. కాజీపేట నుంచి బల్లార్షా వెళ్ళే రైలు మార్గంలో, తెలంగాణ సరిహద్దు దాటాక మహారాష్ట్రలో వచ్చే స్టేషన్లలో విరూర్ ఒకటి. ఇప్పుడు మాది చంద్రపూర్ జిల్లా. 1956లో రాష్ట్రాలను పునర్విభజించేదాకా మా రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అందుకే ఇక్కడ చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. వీడియో గేమ్ పెట్టెలు కూడా మాకు రెండు వైపుల నుంచీ వస్తాయి. కొన్ని చంద్రపూర్ దుకాణాల్లో కొన్నవి. కొన్ని హైదరాబాదులో కొలువు చేసే అన్నలూ, మేనమామలూ తాము వాడుకుని, కొత్తది కొన్నాక ఊళ్ళో పిల్లలకు ఇచ్చినవి. అలా చేతులు మారిన పెట్టెల్లో నాకు తరచుగా కనబడేది ప్లేస్టేషన్ 2.

సోనీ కంపెనీ దాన్ని 2000 మార్చిలో జపాన్‌లో విడుదల చేసింది. 2013 దాకా దాని తయారీ సాగింది. ప్రపంచమంతా కలిపి 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. ఆ పెట్టెకు మన తెలుగు నేలతో ఒక బంధం ఉంది. 2009లో 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట దాని కోసం వచ్చింది. చేసింది హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్, ప్రచురించింది సోనీ. ప్లేస్టేషన్ కోసం పూర్తిగా భారతదేశంలోనే తయారైన మొదటి ఆటగా దానికి పేరొచ్చింది. ఆ కాలంలోనే హైదరాబాదుకు చెందిన గేమ్‌శాస్త్ర అనే సంస్థ 'దేశీ అడ్డా' పేరుతో మన ఊరి ఆటలను ప్లేస్టేషన్ మీదికి తెచ్చింది. కబడ్డీ, చిర్రగోనె, గాలిపటాలు తెర మీదికి వచ్చాయి. ఆ బొమ్మలు గీసినవాళ్ళు మనవాళ్ళు. వాళ్ళు ఏ రంగు వేశారో ఆ రంగు, ఏ గీత గీశారో ఆ గీత మన పిల్లల కళ్ళకు చేరాలని నా కోరిక. నేను ఈ విషయం మీద ఇంత పట్టుదలగా మాట్లాడటానికి కారణం అదే.

ఇక అసలు విషయానికి వద్దాం. పాత డబ్బా టీవీలో బాగున్న బొమ్మ కొత్త హెచ్‌డీ టీవీలో ఎందుకు చెదిరింది?

మన దేశంలో దూరదర్శన్ రంగుల ప్రసారాలు 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల సంవత్సరంలో మొదలయ్యాయి. వాటికి వాడిన పద్ధతి పేరు పాల్. అందులో ఒక బొమ్మకు 625 గీతలు. కంటికి కనిపించేవి 576. ఆ గీతలన్నీ ఒక్కసారే రావు. మొదట బేసి గీతలు, వెంటనే సరి గీతలు, ఇలా సెకండుకు 50 సార్లు సగం సగంగా వస్తాయి. డబ్బా టీవీలో ఎలక్ట్రాన్ కిరణం గాజు తెర లోపలి వైపు ఈ గీతలను వరసగా వెలిగిస్తూ పోయేది. కిరణం వెలిగించే చుక్కకు అంచులు మెత్తగా ఉంటాయి. పక్కపక్క చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసి బొమ్మ నునుపుగా తేలేది. ఆనాటి ఆటల చిత్రకారులకు ఈ సంగతి బాగా తెలుసు. రెండు రంగుల చుక్కలను పక్కపక్కన పేర్చి, తెర మీద అవి కలిసి మూడో రంగుగా కనబడేలా గీసేవాళ్ళు.

పల్చటి టీవీ పద్ధతి వేరు. దాని తెర మీద చుక్కలు ముందే లెక్కగా పేర్చి ఉంటాయి. ప్రతి చుక్కకూ గట్టి అంచు ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ టీవీలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలు. పాల్ పద్ధతి బొమ్మను చుక్కల్లో లెక్కగడితే అడ్డంగా 720, నిలువుగా 576, మొత్తం 4,14,720. భాగించి చూడండి, సరిగ్గా అయిదింతల తేడా. అంటే పాత ఆటను ఫుల్ హెచ్‌డీ తెర నిండా చూపాలంటే ప్రతి అయిదు చుక్కల్లో నాలుగింటిని టీవీ తానే ఊహించి నింపాలి. దానికి తోడు, సగం సగంగా వచ్చే గీతలను జతపరిచి పూర్తి బొమ్మ చేయాలి. ఈ రెండు పనులనూ టీవీ లోపలి చిన్న చిప్పు క్షణాల్లో చేస్తుంది. చేతికొచ్చిన బొమ్మ శుభ్రంగా ఉంటే దాని ఊహ కూడా శుభ్రంగా ఉంటుంది. బొమ్మే మురికిగా వస్తే ఆ మురికిని కూడా అయిదింతలు చేసి చూపుతుంది.

మరో సంగతి. మన ఊళ్ళలో ఎక్కువగా అమ్ముడుపోయే 32 అంగుళాల టీవీల్లో చాలావాటి మీద 'హెచ్‌డీ రెడీ' అని ఉంటుంది. అది ఫుల్ హెచ్‌డీ కాదు. సాధారణంగా దాని చుక్కలు 1366 అడ్డం, 768 నిలువు. మొత్తం పదిన్నర లక్షల లోపే, అంటే ఫుల్ హెచ్‌డీలో దాదాపు సగం. మీ టీవీ ఏదో డబ్బా మీదో, వెనక అంటించిన కాగితం మీదో చూసి రాసుకోండి. తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు దారిలో మొదటి మజిలీ, తీగ.

ప్లేస్టేషన్ 2తో వచ్చే తీగకు మూడు పిన్నులుంటాయి. ఎరుపు, తెలుపు పిన్నులు శబ్దానికి. బొమ్మ మొత్తం ఒక్క పసుపు పిన్నులోనే రావాలి. వెలుగునీడల సమాచారమూ, రంగుల సమాచారమూ రెండూ ఆ ఒక్క తీగలో కలిసిపోయి ప్రయాణిస్తాయి. అవతల టీవీ వాటిని మళ్ళీ విడదీయాలి. కలిసిన పాలనూ నీళ్ళనూ వేరు చేయడం హంసకే చెల్లిందంటారు. టీవీ చిప్పుకు ఆ నేర్పు అంతంతమాత్రమే. కొంత రంగు వెలుగులోకి జారుతుంది, కొంత వెలుగు రంగులోకి జారుతుంది.

దీన్ని మీ కళ్ళతో మీరే చూడవచ్చు. ఆటను కాసేపు ఆపి, తెర మీద స్కోరు అంకెలున్న మూలకు దగ్గరగా వెళ్ళండి. అంకె అంచు వెంట సన్నటి చుక్కలు వరసగా పైకి పాకుతుంటాయి. ఎరుపు అంకె పక్కన నీలం నేపథ్యం ఉంటే ఎరుపు ఒక పక్కకు కారినట్టుంటుంది. అంకె కదలకుండా నిలబడి ఉన్నా అంచు మాత్రం నిలకడగా ఉండదు. ఇది పసుపు పిన్ను తీగ వల్ల వచ్చే జబ్బు. టీవీ రిమోట్‌తో ఎన్ని మీటలు నొక్కినా పూర్తిగా పోదు.

దీనికి మందు కాంపొనెంట్ తీగ. దీనికి అయిదు పిన్నులుంటాయి. బొమ్మకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు. శబ్దానికి ఇంకో ఎరుపు, తెలుపు. వెలుగునీడలు ఆకుపచ్చ పిన్నులో, రంగుల తేడాలు మిగతా రెండింటిలో విడివిడిగా వస్తాయి. కలపడమే లేదు కనుక విడదీసే బాధ కూడా లేదు. ఇక్కడ ఒక జాగ్రత్త. రెండు పిన్నులు ఎరుపే. బొమ్మ ఎరుపు ఏదో, శబ్దం ఎరుపు ఏదో చూసుకోవాలి. నీలం, ఆకుపచ్చలతో కలిసి ఒకే గుత్తిగా ఉన్నది బొమ్మది. తెలుపుతో జంటగా ఉన్నది శబ్దానిది. అవి తారుమారైతే మనుషుల ముఖాల్లో ఎరుపు పోయి పచ్చగా కనబడతాయి.

తీగ మార్చేముందు ఇంకో పని చేయాలి. పసుపు పిన్ను ఉండగానే, డిస్క్ పెట్టకుండా ప్లేస్టేషన్ 2ను ఆన్ చేయండి. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లోకి వెళ్ళి, కాంపొనెంట్ వీడియో అవుట్ అన్న చోట ఆర్‌జీబీ అని ఉంటే తీసేసి, వై అక్షరంతో మొదలయ్యే రెండో ఎంపిక పెట్టండి. ఆ తర్వాత తీగ మార్చండి. ఈ క్రమం తప్పితే రంగులు వింతగా వచ్చి, కొత్త తీగే చెడిపోయిందని అనుకుంటాం. కొన్ని ఆటల ఆప్షన్లలో 'ప్రోగ్రెసివ్ స్కాన్' అని ఉంటుంది. టీవీ ఒప్పుకుంటే పెట్టండి. సగం సగం గీతల గొడవ తీరిపోయి బొమ్మ ఒక్కసారే పూర్తిగా వస్తుంది. కొన్ని ఆటలు మొదట్లో 50 హెర్ట్జా, 60 హెర్ట్జా అని అడుగుతాయి. 60 ఎంచుకోండి, కదలిక ఇంకా సాఫీగా ఉంటుంది.

కొత్త టీవీలు చాలావాటికి ఈ కాంపొనెంట్ రంధ్రాలు లేవు, బొమ్మనూ శబ్దాన్నీ ఒకే తీగలో తీసుకునే హెచ్‌డీఎమ్‌ఐ రంధ్రాలు ఉంటాయి. అప్పుడేం చేయాలి? ప్లేస్టేషన్ 2 వెనక, తీగ దూర్చే చోటే నేరుగా బిగించే చిన్న హెచ్‌డీఎమ్‌ఐ అడాప్టర్లు దొరుకుతాయి. ఇవి పెట్టెలోంచి విడివిడిగా వచ్చే సిగ్నల్‌ను తీసుకుని హెచ్‌డీఎమ్‌ఐలోకి మారుస్తాయి. వాటికీ ఇందాక చెప్పిన సెట్టింగ్ అవసరం. కానీ దుకాణాల్లో ఇంకో చిన్న పెట్టె కూడా అమ్ముతారు. ఒక పక్క ఎరుపు, తెలుపు, పసుపు రంధ్రాలు, ఇంకో పక్క హెచ్‌డీఎమ్‌ఐ ఉంటాయి. "మామా, ఇది పెడితే బొమ్మ హెచ్‌డీ అయితదని దుకాణంల చెప్పిన్రు" అని ఒక పిల్లాడు నాకు చూపించాడు. "అది పసుపు తీగలో అప్పటికే కలిసిపోయిన బొమ్మనే తీసుకుంటది బిడ్డా. పిన్ను ఆకారం మారుతది గానీ బొమ్మ మారదు" అని చెప్పాను. టీవీకి పసుపు రంధ్రం అసలే లేకపోతే ఆ పెట్టె పనికొస్తుంది. బొమ్మ మెరుగుపడాలని మాత్రం దాన్ని కొనకండి.

ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 కాలం నుంచి పరిస్థితి మారింది. ప్లేస్టేషన్ 3కి హెచ్‌డీఎమ్‌ఐ రంధ్రం మొదటి నుంచీ ఉంది. అయినా దాని డబ్బాలో కంపెనీ ఇచ్చింది పసుపు పిన్ను తీగే. అందుకని హెచ్‌డీ బొమ్మ ఇవ్వగల పెట్టెను ఏళ్ళ తరబడి పసుపు తీగతోనే వాడినవాళ్ళు ఉన్నారు. మీ ఇంట్లో అలా ఉంటే ఈ రోజే ఒక హెచ్‌డీఎమ్‌ఐ తీగ తెచ్చుకోండి. మీకు కలిగే లాభాల్లో ఇదే పెద్దది. తీగ మార్చాక తెర నల్లగా ఉండిపోతే కంగారు పడకండి. ప్లేస్టేషన్ 3ని ఆపి, పవర్ మీటను రెండోసారి బీప్ వినిపించేదాకా నొక్కి పట్టుకుంటే వీడియో సెట్టింగ్ మళ్ళీ మొదటికొస్తుంది. తర్వాత డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎమ్‌ఐ ఎంచుకోవచ్చు. ఆరడుగుల తీగకు వేల రూపాయలు పోయనక్కర్లేదు. ఫుల్ హెచ్‌డీ బొమ్మకు మామూలు 'హై స్పీడ్' తీగ చాలు. డిజిటల్ సిగ్నల్ సరిగ్గా చేరిందంటే చేరినట్టే. బంగారు పూత ఉందని రంగులు పెరగవు.

టీవీ హెచ్‌డీ రెడీ అయితే ఒక ప్రయోగం చేయండి. దాని 768 గీతలకు 720 గీతల బొమ్మా సరిగ్గా సరిపోదు, 1080 గీతల బొమ్మా సరిపోదు. ఏదైనా టీవీ సర్దుకోవలసిందే. కనుక ఆట పెట్టె సెట్టింగ్స్‌లో రెండూ పెట్టి చూసి, చిన్న అక్షరాలు దేనిలో తేటగా చదవగలిగితే దాన్నే ఉంచుకోండి.

ఇక రెండో మజిలీ, టీవీ సెట్టింగులు. ఇక్కడ పైసా ఖర్చు లేదు.

మొదటిది బొమ్మ ఆకారం. పాత ఆటలు నాలుగుకు మూడు నిష్పత్తిలో గీసినవి. కొత్త టీవీ తెర పదహారుకు తొమ్మిది. తెర నిండాలని సాగదీస్తే వెడల్పు మూడో వంతు పెరుగుతుంది. మనుషులు లావెక్కి, బంతి కోడిగుడ్డయి కనబడేది అందుకే. ఆట ఆప్షన్లలో వైడ్‌స్క్రీన్ ఉంటే అది పెట్టి, టీవీలో 16:9 ఉంచండి. లేకపోతే టీవీలో 4:3 పెట్టండి. రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి. రానివ్వండి. బొమ్మ కొలత సరిగ్గా ఉండటం ముఖ్యం.

రెండోది, అంచులు కోసుకుపోవడం. హెచ్‌డీఎమ్‌ఐలో వచ్చిన బొమ్మను కూడా చాలా టీవీలు కొద్దిగా పెద్దది చేసి నాలుగు అంచులూ కత్తిరిస్తాయి. పాత ప్రసారాల అంచుల్లో చెత్త ఉండేది కనుక వచ్చిన అలవాటు ఇది. ఆటకు దీనితో రెండు నష్టాలు. మూలన ఉన్న స్కోరు సగం పోతుంది. బొమ్మ అనవసరంగా సాగి మసకబారుతుంది. ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్', శాంసంగ్‌లో 'స్క్రీన్ ఫిట్', సోనీలో 'ఫుల్ పిక్సెల్' అనే పేర్లతో దీన్ని ఆపే ఎంపిక ఉంటుంది. మీ టీవీలో పేరు వేరుగా ఉండొచ్చు. పిక్చర్ సైజు, ఆస్పెక్ట్ రేషియో అన్న చోట వెతకండి.

మూడోది పిక్చర్ మోడ్. కొత్త టీవీ ఎక్కువగా 'వివిడ్' లేదా 'డైనమిక్' మోడ్‌లో కనబడుతుంది. అది దుకాణంలో ట్యూబ్‌లైట్ల కింద, పక్కనున్న పది టీవీల మధ్య కళ్ళను లాగడానికి చేసిన మోడ్. తెలుపును నీలంవైపు తోస్తుంది, రంగులను మండిస్తుంది. ఇంట్లో దాన్ని తీసేసి స్టాండర్డో, గేమో పెట్టండి. కలర్ టెంపరేచర్‌ను 'వార్మ్' వైపు జరపండి. మొదటి రోజు పచ్చగా అనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది, చర్మం రంగు చర్మంలా కనబడుతుంది.

నాలుగోది షార్ప్‌నెస్. పేరు చూసి ఎంత పెంచితే అంత తేట అనుకుంటాం. నిజానికి అది కొత్త వివరం ఏదీ తేలేదు. ప్రతి గీత పక్కనా ఒక తెల్లటి గీతను అంటించి పదును వచ్చినట్టు భ్రమ కల్పిస్తుంది. ఆటలో మెనూ అక్షరాలు తెర మీద పెట్టి, షార్ప్‌నెస్‌ను ఒకసారి చివరిదాకా పెంచండి. అక్షరాల చుట్టూ తెల్లటి అంచు లేస్తుంది. ఇప్పుడు ఆ అంచు మాయమయ్యేదాకా తగ్గించుకుంటూ రండి. మాయమైన చోట ఆపండి. పాత ఆటలకు ఈ ఒక్క పనే ఎంతో మేలు చేస్తుంది.

ఆ తర్వాత మూడు మాటలు, బ్యాక్‌లైట్, బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్. బ్యాక్‌లైట్ అంటే తెర వెనకాల దీపం. గది వెలుతురును బట్టి దీన్ని మార్చుకోవచ్చు. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ అంటే నలుపు ఎంత నల్లగా ఉండాలన్నది. కాంట్రాస్ట్ అంటే తెలుపు ఎంత తెల్లగా ఉండాలన్నది. ఆటలో రాత్రి దృశ్యం ఒకటి తెరిచి, చీకటి గోడ మీది గీతలు కనీకనబడనట్టుండే చోట బ్రైట్‌నెస్ ఆపండి. మబ్బులో, తెల్ల చొక్కాలో మడతలు కనబడుతున్నంతవరకే కాంట్రాస్ట్ పెంచండి. డైనమిక్ కాంట్రాస్ట్, నాయిస్ రిడక్షన్, కదలికను నునుపు చేసే సౌకర్యాలు ఆటకు అక్కర్లేదు, ఆపేయండి.

చీకటి దృశ్యాల్లో ఏమీ కనబడటం లేదన్నా, నలుపు బూడిద రంగులో ఉందన్నా ఇంకో కారణం ఉండొచ్చు. ఆట పెట్టెల్లో ఆర్‌జీబీ రేంజ్ అనే సెట్టింగ్ ఉంటుంది. ఫుల్ అంటే నలుపు 0 దగ్గర మొదలై తెలుపు 255 దగ్గర ముగుస్తుంది. లిమిటెడ్ అంటే 16 నుంచి 235 వరకు. పెట్టె ఒకటి పంపుతూ, టీవీ ఇంకోటి అనుకుంటే బొమ్మ పాడవుతుంది. రెండు చోట్లా ఆటో పెట్టండి. అప్పటికీ తేడా ఉంటే రెండు చోట్లా లిమిటెడ్ పెట్టండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సెట్టింగ్, గేమ్ మోడ్. సినిమాకు బొమ్మ అందంగా ఉంటే చాలు. ఆటకు బొమ్మ సమయానికి కూడా రావాలి. సెకండుకు 60 బొమ్మలు వచ్చే ఆటలో ఒక్కో బొమ్మకు ఉండే వ్యవధి సెకండులో అరవయ్యో వంతు. టీవీ బొమ్మను రకరకాలుగా దిద్దుతూ కూర్చుంటే, కొన్ని టీవీల్లో సెకండులో పదో వంతు దాకా ఆలస్యం అవుతుంది. మన పిల్లలు ఇష్టంగా ఆడే ఈఏ స్పోర్ట్స్ వారి 'క్రికెట్ 07' తీసుకోండి. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకండుకు దాదాపు 39 మీటర్లు కదులుతుంది. పదో వంతు సెకండు ఆలస్యమంటే మీరు చూస్తున్న బంతికీ, ఆటలో నిజంగా ఉన్న బంతికీ దాదాపు 4 మీటర్ల తేడా. పిచ్ మొత్తం దాదాపు 20 మీటర్లు. అంటే పిచ్‌లో అయిదో వంతు దూరం బంతి మీకు తెలియకుండానే వచ్చేసింది. పిల్లాడు బ్యాటు ఆలస్యంగా ఊపాడని మనం అనుకుంటాం. వాడు చూసినప్పుడే ఊపాడు, వాడికి చూపించడమే ఆలస్యమైంది. గేమ్ మోడ్ పెడితే టీవీ ఆ దిద్దుబాట్లు చాలావరకు మానేసి బొమ్మను వెంటనే తెర మీదికి పంపుతుంది. ఫోన్‌లో ఆటను వైఫై ద్వారా టీవీ మీద చూపించేవాళ్ళకూ ఇదే చిక్కు. ఫోన్ ఒప్పుకుంటే, టైప్ సీ నుంచి హెచ్‌డీఎమ్‌ఐ తీగతో తగిలించండి. ఆలస్యం బాగా తగ్గుతుంది.

4కే టీవీ, ప్లేస్టేషన్ 5 ఉన్నవారికి రెండే మాటలు. టీవీలో ఆట పెట్టెను తగిలించిన హెచ్‌డీఎమ్‌ఐ రంధ్రానికి విడిగా 4కే, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఇంకా ఎక్కువగా చూపే పద్ధతి) సెట్టింగ్ ఆన్ చేయాలి. శాంసంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్' అనీ, ఎల్‌జీలో 'అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్' అనీ ఉంటుంది. చవక 4కే టీవీల్లో హెచ్‌డీఆర్ పెడితే బొమ్మ మసకగా కనబడితే మొహమాటం లేకుండా ఆపేయండి. తెరకు తగినంత వెలుగు లేనప్పుడు హెచ్‌డీఆర్ వల్ల లాభం లేదు.

కొన్ని మాత్రం ఎంత చేసినా బాగుపడవు. క్యాసెట్ పెట్టి ఆడే పాత వీడియో గేముల్లో తుపాకీతో బాతులను కొట్టే ఆట చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తుపాకీ డబ్బా టీవీ తెర వెలిగే తీరునూ, వెలిగే క్షణాన్నీ బట్టి గురి లెక్కగడుతుంది. పల్చటి టీవీ వెలిగే తీరు వేరు, దాని ఆలస్యమూ వేరు. కనుక తుపాకీ పని చేయదు. అటువంటి ఆటల కోసం పనిచేసే డబ్బా టీవీని పాత సామాన్లవాడికి వేయకుండా ఉంచుకోవడం తెలివైన పని.

చివరి మజిలీ మన గది. కిటికీకి ఎదురుగా టీవీ పెడితే మా చంద్రపూర్ ఎండకు ఏ తెరా నిలవదు. తలుపు వెలుతురు, ట్యూబ్‌లైటు తెర మీద ప్రతిఫలించకుండా పక్క గోడకు మార్చండి. రాత్రి పూర్తి చీకట్లో కాకుండా టీవీ వెనక చిన్న దీపం ఉంచితే కళ్ళకు హాయి. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ తెరకు కనీసం ఆరడుగుల దూరంలో పిల్లలను కూర్చోబెట్టండి. అంతకన్నా దగ్గరైతే కన్ను చుక్కలను విడివిడిగా పట్టేస్తుంది. ఫుల్ హెచ్‌డీ అయితే నాలుగడుగులకు పైన ఉన్నా చాలు. ఆట పెట్టెను మూసిన అల్మరాలో పెట్టకండి. వెనక గాలి రంధ్రాలకు బెత్తెడు జాగా వదలండి. మా వైపు వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. దుమ్ము సరేసరి. వేడెక్కిన పెట్టె బొమ్మలో గీతలు చూపిస్తుంది, మధ్యలో ఆగిపోతుంది. తెరను మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. ఏ మందునూ నేరుగా తెర మీద చల్లకండి.

ఇప్పటిదాకా చెప్పినదాన్ని వరసగా రాసుకోండి. ముందు తీగ. పసుపు పిన్ను పోయి కాంపొనెంట్ గానీ, హెచ్‌డీఎమ్‌ఐ గానీ రావాలి. తర్వాత ఆట పెట్టె సెట్టింగ్. తర్వాత టీవీలో బొమ్మ ఆకారం, అంచులు, మోడ్, షార్ప్‌నెస్, వెలుగునీడలు. తర్వాత గేమ్ మోడ్. ఆఖరున గది. వరస తప్పకండి. తీగలో పాడైన బొమ్మను సెట్టింగుల్లో దిద్దబోతే పని రెట్టింపవుతుంది. ఒక్కోసారి ఒక్క మార్పే చేసి, తేడా చూసి, కాగితం మీద రాసుకుని ముందుకు వెళ్ళండి.

పెద్దలకు ఒక మనవి. ఈ పనిని పిల్లలతో కలిసి చేయండి. వాళ్ళకు రిమోట్ మీద చేయి తిరుగుతుంది, మీకు ఓపిక ఉంటుంది. ఈ పనిలో పడితే గీత అంటే ఏమిటో, చుక్క అంటే ఏమిటో, సిగ్నల్ ఎలా ప్రయాణిస్తుందో వాళ్ళకు పుస్తకం లేకుండానే తెలుస్తుంది. 2009లో హైదరాబాదులో కూర్చుని ప్రపంచానికి ఆట చేసి పంపినవాళ్ళు కూడా ఒకప్పుడు ఇలా తెర ముందు కూర్చుని, ఈ బొమ్మ ఎలా వస్తోందని అడిగిన పిల్లలే అయ్యుంటారు. విరూర్‌లో, రాజురాలో, కాగజ్‌నగర్‌లో ఆ ప్రశ్న అడిగే పిల్లలు ఈ రోజూ ఉన్నారు. కొత్త టీవీ కొనివ్వలేకపోయినా, ఉన్న టీవీలో బొమ్మను సరిగ్గా చూపించి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలం. ఆ పని ఈ రోజే మొదలుపెట్టండి.